బొమన్ ఇరానీ కెమెరా, మా మావయ్య స్టూడియో

2013 సెప్టెంబర్ ఆఖర్లో అత్తారింటికి దారేది రిలీజైంది కదా, రిలీజ్‌కి ముందే సినిమా చాలావరకు నెట్‌లోకి వచ్చేసిందని పెద్ద గొడవ, అయినా జనం హాళ్ళకి పోటెత్తారు, ఆ వారంలోనే తెనాల్లో మా మావయ్యని సెకండ్ షోకి తీసుకెళ్ళాను. మావయ్యకి అప్పటికి డెబ్బై దాటాయి, హాల్లో సినిమా చూడ్డం మానేసి చాలా ఏళ్ళయింది, ఆ రోజు ఎందుకో అడగ్గానే "సరే పద" అని చొక్కా మార్చుకుని వచ్చేశాడు.

ఇంటర్వెల్లో చుట్టూ అందరూ పవన్ కళ్యాణ్ డైలాగులు చెప్పుకుంటుంటే మావయ్య సమోసా తిన్న కాగితాన్ని నాలుగు మడతలు పెడుతూ "ఆ తాత వేషం కట్టినాయన ఎవర్రా?" అన్నాడు. బొమన్ ఇరానీ అని చెప్పాను, బొంబాయి ఆయన, హిందీలో మున్నాభాయ్‌లో కాలేజీ డీన్, మన శంకర్ దాదాలో పరేష్ రావల్ చేశాడే ఆ వేషం, తర్వాత త్రీ ఇడియట్స్‌లో రెండు చేతుల్తో ఒకేసారి రాసే ప్రిన్సిపాల్, ఇలా నాకు తెలిసిందంతా చెప్పేశా. మావయ్య అదంతా వినలేదు. "అది కాదురా, ఆయనకి లైటు ఎక్కడుందో తెలుసు. గడ్డం తిప్పడం చూశావా, ఎంత తిప్పాలో అంతే తిప్పుతున్నాడు, ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ తిప్పట్లేదు. కెమెరా వెనకాల నుంచున్న మనిషి అయ్యుండాలి" అన్నాడు. ఈలోగా బెల్లు కొట్టారు, లోపలికెళ్ళిపోయాం, ఆ మాట అక్కడితో మర్చిపోయాను.

తర్వాత ఎన్నాళ్ళకో, ఒక రాత్రి నిద్ర పట్టక ఫోన్లో బొమన్ ఇరానీ ఇంటర్వ్యూ ఒకటి చూస్తుంటే ఆయన నోటంటే విన్నాను, సినిమాల్లోకి రాకముందు తను ఫోటోగ్రాఫర్నని. ఒక్కసారి లేచి కూర్చున్నా. మావయ్య ఇంటర్వెల్లో సమోసా కాగితం మడతపెడుతూ చెప్పిన మాట అది!

ఇక అక్కణ్ణుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివాను, విన్నాను. 1959 డిసెంబర్ 2న బొంబాయిలో పుట్టారు, ఇరానీ కుటుంబం, ఆయన పుట్టేటప్పటికే తండ్రి లేరు, పుట్టడానికి ఆర్నెల్ల ముందే పోయారట. చిన్నప్పుడు మాట సరిగ్గా తిరిగేది కాదు, చదువులో అక్షరాలు కుదిరేవి కావు. వెయిటర్ కోర్సు చేసి తాజ్ మహల్ హోటల్లో పనికి కుదిరారు, రూముల్లోకి ట్రేలు మోసే పని నుంచి మొదలుపెట్టి పైన ఉండే ఫ్రెంచ్ రెస్టారెంట్ దాకా వెళ్ళారు. ఇంతలో వాళ్ళమ్మగారికి ప్రమాదం జరిగితే ఆ ఉద్యోగం వదిలేసి గ్రాంట్ రోడ్డులో నావెల్టీ సినిమా హాలు దగ్గర వాళ్ళకున్న చిప్స్ కొట్లో కూర్చోవాల్సొచ్చింది. ఏదో ఒకటి రెండేళ్ళు కాదు, పదేళ్ళకి పైనే ఆలుగడ్డ చిప్స్ తూచి పొట్లం కట్టి ఇచ్చారు ఆయన.

ఆ కొట్టు నడుపుకుంటూనే కెమెరా. స్కూలు పిల్లల క్రికెట్ మ్యాచ్‌లకీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకీ వెళ్ళి ఫోటోలు తీసి 20కీ 30కీ అమ్మేవారు. దీన్ని చాలామంది ఒక లైన్లో చెప్పేసి ముందుకెళ్ళిపోతారు గానీ నేను అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే అమ్ముడుపోయే ఫోటో తియ్యడం అంటే ఏంటో నాకు కొంచెం తెలుసు, గోల్ కొట్టిన పిల్లాడి మొహం ఫోకస్‌లో లేకపోతే వాడి నాన్న 5 రూపాయలు కూడా ఇవ్వడు.

మా మావయ్య స్టూడియో తెనాలి బోసు రోడ్డు నుంచి లోపలికెళ్ళే ఒక సందులో ఉండేది. మా అమ్మకి పెద్దన్నయ్య. వేసవి సెలవులు మొత్తం నాకు అక్కడే. ముందు గదిలో గాజు పలకలున్న షోకేసు, అందులో పెళ్ళికూతుళ్ళ ఫోటోలు, బోర్లాపడ్డ పసిపిల్లల ఫోటోలు. పక్కన గోడకి అద్దం, అద్దం కింద చెక్క మీద దువ్వెన, పౌడర్ డబ్బా, తిలకం సీసా. ఒక మేకుకి నల్ల కోటు, దానికే చుట్టి టై. ఆ కోటు వేసుకుని ఫోటో దిగని మనిషి మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్నాడా అని నాకిప్పటికీ అనుమానమే, ఎంత లావు మనిషికైనా సరిపోయేది, సన్నటి వాళ్ళకైతే వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు మావయ్య. లోపలి గదిలో తెర, తెర మీద రంగుల్లో గీసిన మేడమెట్లు, పూలకుండీ, దూరంగా చెరువు. దాని ముందు 500 వాట్ల బల్బులు రెండు, వాటికి అడ్డంగా బటర్ పేపరు కట్టిన ఫ్రేములు, వెనకనుంచి జుట్టుకి తగిలేలా ఇంకో చిన్న లైటు. ఎండాకాలం ఆ గదిలో రెండు నిమిషాలు నుంచుంటే చొక్కా తడిసిపోయేది. మధ్యలో ట్రైపాడ్ మీద యాషికా, రెండు కళ్ళుండేది, పైనుంచి తల వంచి చూసేది.

మావయ్య ఎవరినీ "నవ్వండి" అనేవాడు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు సర్దుతున్నట్టు నటిస్తూ మాటల్లో దించేవాడు, మీదే ఊరండీ, ఈ ఏడు మినుము ఎలా ఉంది, పెద్దమ్మాయి పురిటికొచ్చిందా, ఇలా. ఆ మనిషి జవాబు చెప్తూ చెప్తూ తన ఇంటి సంగతిలో పడిపోయి మొహం మామూలు మొహం అయిన క్షణంలో టక్. వాళ్ళకి తెలిసేది కూడా కాదు. "అయిపోయిందండి" అంటే "అదేంటి నేనింకా సర్దుకోలేదు" అనేవాళ్ళు. సర్దుకున్నది ఇంకోటి తీసేవాడు, రెండూ ప్రింట్ వేసి చూపిస్తే నూటికి తొంభై మంది మొదటిదే ఎంచుకునేవాళ్ళు.

రిటచింగ్ అయితే ఒక తపస్సు. నెగటివ్ మీద మందు రాసి ఆరబెట్టి, గరుకు కాగితం మీద పెన్సిల్ ములుకుని సూదిలా అరగదీసి, వెనకనుంచి వెలుతురు వచ్చే డెస్కు మీద పెట్టి మచ్చలూ గుంటలూ పూడ్చేవాడు. ముడతలు మాత్రం అన్నీ తీసేవాడు కాదు. ఒక పెద్దావిడ మనవడు వచ్చి "మామ్మ మొహం నున్నగా చెయ్యండి" అంటే "అప్పుడు మీ మామ్మ కాదు బాబూ, ఇంకెవరో అవుతారు" అన్నాడు, ఆ మాట నేను విన్నాను, నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు.

తెనాలి అంటే నాటకాల ఊరు కదా, అది మా స్టూడియోకి సగం తిండి పెట్టింది. హరిశ్చంద్ర, కృష్ణ రాయబారం, గయోపాఖ్యానం ఆడే ఆర్టిస్టులు కరపత్రాలకి ఫోటోలు దిగడానికి వచ్చేవాళ్ళు, ఆ ఫోటో బెజవాడ వెళ్ళి బ్లాకు అయి వచ్చి గులాబీ రంగు కాగితం మీద అచ్చయ్యేది. ఇంట్లోంచి ట్రంకుపెట్టెతో వచ్చి మా వెనక వసారాలో అర్దళం పూసుకుని కిరీటం పెట్టుకుని తయారయ్యేవాళ్ళు. నేను పురికొస అందించేవాణ్ణి, భుజకీర్తులు కట్టుకోవడానికి. కృష్ణుడి నీలం రంగుతో పెద్ద చిక్కు, బ్లాక్ అండ్ వైట్‌లో నీలం తెల్లగా తేలిపోయి కృష్ణుడు పాలిపోయినట్టు వచ్చేవాడు, దానికి మావయ్య లెన్సుకి పసుపు ఫిల్టర్ పెట్టేవాడు, అప్పుడు ఆ నీలం కాస్త ముదిరి దేవుడి కళ వచ్చేది.

అయితే నేను ఇప్పుడు తల్చుకుని ఆశ్చర్యపోయేది ఫిల్టర్ గురించి కాదు. వాళ్ళు స్టేజీ మీద వేలమంది చేత వన్స్ మోర్ కొట్టించుకునే మనుషులు, కెమెరా ముందు కూర్చోగానే బిగుసుకుపోయేవాళ్ళు. స్టేజీ మీద ఆఖరి వరస వాడికి కనపడాలి కాబట్టి కళ్ళు పెద్దవి చేస్తారు, అదే కెమెరా ముందు చేస్తే రాక్షసుళ్ళా పడతారు. మావయ్య దగ్గరికెళ్ళి చిన్న గొంతుతో చెప్పేవాడు, "బావగారూ, కాటి సీను అనుకోండి. పద్యం పాడొద్దు. చంద్రమతి వస్తోంది, మీరింకా గుర్తుపట్టలేదు. అలా ఉండండి చాలు." ఆ మనిషి కళ్ళు కిందకి దిగేవి, దవడ వదులయ్యేది, టక్. దాన్ని ఏమంటారో నాకప్పుడు తెలీదు, ఇప్పుడు చెప్తున్నాను, అది డైరెక్షన్. చిన్నప్పుడు మావయ్య లోహితాస్యుడి వేషం వేసేవాడని, గొంతు బాగుండేదని, పెద్దయ్యాక హరిశ్చంద్రుడు అవుతాడని ఊళ్ళో అనుకునేవాళ్ళని అమ్మ చెప్తుంది. తాతయ్య పోయేసరికి మావయ్యకి పంతొమ్మిదేళ్ళు, వెనక ముగ్గురు చెల్లెళ్ళు, స్టూడియో తలుపు తియ్యాల్సిన మనిషి ఇంకెవరూ లేరు. అంతే, వేషాలు ఆగిపోయాయి.

చనిపోయినవాళ్ళ ఫోటోలు ఇంకో సంగతి. ఇది రాయొచ్చో లేదో గానీ రాస్తాను. ఎవరో పోతే రాత్రి ఏ టైములో అయినా తలుపు కొట్టేవాళ్ళు, ఆ మనిషికి జీవితం మొత్తంలో ఒక్క ఫోటో కూడా ఉండేది కాదు, మావయ్య కెమెరా ఫ్లాషు తీసుకుని వెళ్ళేవాడు. తర్వాత ఆ నెగటివ్ మీద కూర్చుని మూసిన కళ్ళు తెరిచినట్టు దిద్దాలి, గోడకి పెట్టుకోవడానికి. ఆ పని చేసేటప్పుడు మావయ్య ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అత్తయ్య కాఫీ పక్కన పెట్టి వెళ్ళిపోయేది, అది చల్లారిపోయేది. ఒకసారి అడిగాను, మావయ్యా ఆయన కళ్ళు నువ్వెప్పుడూ చూళ్ళేదుగా ఎలా గీస్తావని. "కొడుకు కళ్ళు చూసొచ్చాగా" అన్నాడు.

మళ్ళీ బొమన్ గారి దగ్గరికొస్తా. కొన్నేళ్ళు డబ్బు కూడబెట్టి భార్యనీ పిల్లల్నీ ఊటీ తీసుకెళ్ళారట, అక్కడ దిగిన చౌక హోటల్ గది చూసి, ఇన్నేళ్ళు కష్టపడి నావాళ్ళకి ఇవ్వగలిగింది ఇదా అని లోపల కుమిలిపోయారట, ఇక కెమెరానే పనిగా పెట్టుకోవాలని గట్టిగా అనుకున్నది అక్కడే. తిరిగొచ్చాక బాక్సింగ్ సంఘం పెద్దల దగ్గరికి వెళ్ళి పోటీలకి ఫోటోలు తీసే అవకాశం ఇమ్మని అడిగారు. ఆయన ఫోటోగ్రఫీ ఉద్యోగం రింగు పక్కన మొదలైంది, మూడు నిమిషాల రౌండ్లలో, చెమటలో. అప్పటికి ఆయన పెళ్ళాం పిల్లలున్న మనిషి, ముప్ఫైల వయసు. ఆ వయసులో మనలో ఎంతమందిమి కొత్త పని మొదలుపెట్టే ధైర్యం చేస్తాం?

డాన్స్ మాస్టర్ శ్యామక్ దావర్ ఆయన్ని తీసుకెళ్ళి అలీక్ పదమ్సీ నాటకాల్లోకి తోశారు. ఐ యామ్ నాట్ బాజీరావ్ అని ఒక నాటకం ఏళ్ళ తరబడి ఆడింది. ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ డైరెక్ట్ చేసిన మహాత్మా వర్సెస్ గాంధీ నాటకంలో గాంధీగారి వేషం వేశారు, కొడుకు హరిలాల్‌గా కేకే మీనన్. లెట్స్ టాక్ అనే చిన్న డిజిటల్ సినిమా చూసి విధు వినోద్ చోప్రా పిలిచి, ఇంకా ఏ వేషమో కూడా చెప్పకుండా 2 లక్షల చెక్కు చేతిలో పెట్టారు. అలా వచ్చింది మున్నాభాయ్, 2003 డిసెంబర్. అప్పుడే 44 నిండాయి ఆయనకి. మన దగ్గర 44 అంటే పిల్లల కాలేజీ ఫీజుల గురించి తప్ప ఇంకేమీ ఆలోచించని వయసు.

మున్నాభాయ్‌లో ఆ డీన్ కోపం వస్తే నవ్వుతాడు కదా, ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఇది యాక్టింగ్ స్కూల్లో నేర్పే నవ్వు కాదు అని. కౌంటర్ వెనకాల నుంచుని బేరాలాడే మొహాలు, చిల్లర కోసం గొడవపడే మొహాలు, హాల్లోంచి సినిమా వదిలాక ఏడ్చి వచ్చిన మొహాలు చూసినవాడు, తర్వాత కెమెరా కన్నులోంచి దెబ్బ తగలబోయే ముందు బాక్సర్ మొహం చూసినవాడు మాత్రమే అలా నవ్వగలడు. ఖోస్లా కా ఘోస్లాలో ప్లాట్లు కబ్జా చేసే ఆ ఢిల్లీ పెద్దమనిషిని చూడండి, బొంబాయి ఇరానీ మనిషి ఎక్కడ, ఆ పంజాబీ నడక ఎక్కడ! అత్తారింటికి దారేదిలో 80కి దగ్గరపడ్డ తాతగా వేసేనాటికి ఆయనకి 54 కూడా నిండలేదు. మన భాష ఆయనది కాదు, గొంతూ ఆయనది కాదు, అయినా కూతురి కోసం ఎదురుచూసే తండ్రి అని మనకి అనిపించిందంటే అదంతా మొహం చేసిన పనే కదా.

ఇదంతా తెలిసిన వారానికే తెనాలి వెళ్ళాను. స్టూడియో అప్పటికే మూసేశారు. కలర్ రోల్స్ వచ్చాక బెజవాడ ల్యాబుకి బస్సులో పంపించి తెప్పించుకునే రోజులొచ్చాయి, డార్క్ రూమ్ పని సగం పోయింది, డిజిటల్ వచ్చాక మిగతా సగం. మావయ్య ఎవర్నీ తిట్టలేదు, ఎన్‌లార్జర్‌కి గుడ్డ కప్పి తలుపు వేశాడు. ఇంట్లో వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు నేను వెళ్ళేసరికి.

"మావయ్యా, నువ్వు చెప్పింది నిజం, ఆ తాత ఫోటోగ్రాఫరే" అన్నా. నేననుకున్నంత ఆశ్చర్యపోలేదు. కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకున్నాడు. చిప్స్ కొట్టు దగ్గర తల ఊపాడు. 20 రూపాయల ఫోటోల దగ్గర ఆపి లెక్క మొదలుపెట్టాడు, రోలు ఎంత, కడిగించడం ఎంత, పోస్ట్‌కార్డు సైజు ప్రింటు ఎంత, సగం మంది కొనరు, ఆ నష్టం ఎంత. "ఏం మిగిలుంటుందిరా ఆయనకి, నాలుగైదు రూపాయలు మిగిలితే గొప్ప" అన్నాడు, నిజంగా బాధగా, పక్కింటి వాళ్ళ కష్టం విన్నట్టు.

ఊటీ అనగానే మాత్రం లేచి కూర్చున్నాడు. "ఊటీనా? మన ఇందు ఫిల్మ్ అక్కణ్ణుంచే వచ్చేది!" నేను మర్చేపోయాను. గవర్నమెంటు వాళ్ళ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ఫ్యాక్టరీ ఊటీలోనే, 1960లో పెట్టిన కంపెనీ, ఇందు అనే పేరుతో బ్లాక్ అండ్ వైట్ రోల్స్, పేపరు, ఎక్స్‌రే ఫిల్ములు చేసేది. జర్మనీ నుంచి వచ్చే ఆర్వో ఫిల్ము దొరకనప్పుడు మా స్టూడియో నడిచింది ఇందు మీదే, ఆ డబ్బాలు ఖాళీ అయితే అత్తయ్య పోపుల పెట్టె పక్కన మిరియాలకీ లవంగాలకీ వాడేది. ఆ చల్లటి ఊళ్ళో తయారైన ఫిల్ము తెనాలి ఎండల్లో కృష్ణుళ్ళనీ హరిశ్చంద్రుళ్ళనీ పట్టుకుంది, అదే ఊళ్ళో ఒక హోటల్ గదిలో కూర్చుని ఆ మనిషి కెమెరానే నమ్ముకుందాం అనుకున్నాడు, మావయ్యకి ఇది ఎంత నచ్చిందంటే అత్తయ్యని వంటింట్లోంచి పిలిచి మళ్ళీ నాచేత చెప్పించాడు.

తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను నాటకాల సంగతి చెప్పాను, గాంధీ వేషం చెప్పాను, 2 లక్షల చెక్కు చెప్పాను. చెక్కు దగ్గర నవ్వాడు. 44 ఏళ్ళు అన్న దగ్గర నవ్వలేదు, వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. నాకు లోహితాస్యుడు గుర్తొచ్చాడు గానీ ఆ మాట ఎత్తలేదు.

చీకటి పడుతుంటే నేను బయల్దేరడానికి లేచాను. చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి "ఒరేయ్ అబ్బాయ్" అని పిలిచాడు.

"ఆ బాక్సింగ్ ఫోటోలు అన్నావు చూడు, ఆయన ఎవరి మొహం తీసేవాడంటావ్? గెలిచినోడిదా, ఓడినోడిదా?"

నా దగ్గర జవాబు లేదు. మావయ్య కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ తనే అన్నాడు.

"ఓడినోడిదే తీసుంటాడు. లేకపోతే ఆ తాత మొహం ఆయనకి రాదు."